ఆ గంటలు ఎవరివి?

ఈత, సైకిలు, పరుగు. ఈ మూడింటిలో మనకి తెలియనిదేమీ లేదు. చెరువులో ఈదిన అన్నదమ్ములున్నారు. సైకిలు తొక్కుకుంటూ కాలేజీకి వెళ్ళిన అక్కచెల్లెళ్ళున్నారు. ఇక పరుగంటారా, గేటు దగ్గర స్కూలు బస్సు హారను వినిపించగానే టిఫిను డబ్బా పట్టుకుని పరిగెత్తని తల్లి ఎవరు చెప్పండి? అయితే ఈ మూడింటినీ ఒకేరోజున, ఒకదాని వెనక ఒకటి, మధ్యలో నడుం వాల్చకుండా చెయ్యాలన్నారనుకోండి. సముద్రంలో 3.8 కిలోమీటర్లు ఈదాలి. ఒడ్డుకొచ్చి సైకిలెక్కి 180 కిలోమీటర్లు తొక్కాలి. అంటే హైదరాబాదు నుంచి విజయవాడ రోడ్డు మీద ఇంచుమించు కోదాడ దాకా అన్నమాట. అక్కడ దిగి కాఫీ తాగుదామనుకుంటే కుదరదు, వెంటనే 42.2 కిలోమీటర్లు పరిగెత్తాలి. పొద్దున్న ఏడింటికి మొదలుపెడితే అర్ధరాత్రి పన్నెండు కొట్టేలోపల, 17 గంటల్లో, అంతా ముగించాలి. మూడు కలిసిన ఈ పోటీని ట్రయథ్లాన్ అంటారు. అందులో ఈ పెద్ద దూరానికి ఐరన్‌మాన్ అని పేరు.

"ఏం పోయేకాలం వచ్చింది?" అని కదూ మీరు అడగబోతున్నారు? మొదట నాకూ అదే అనిపించింది. కానీ దీని పుట్టుక వింటే కాస్త ముచ్చటగానే ఉంటుంది. అమెరికా నౌకాదళంలో పనిచేసే జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ హవాయి దీవుల్లో ఉండేవారు. ఈతగాళ్ళు గట్టివాళ్ళా, పరిగెత్తేవాళ్ళు గట్టివాళ్ళా అని అక్కడ ఒక వాదన వచ్చింది. వాదన తేల్చడానికి, ఆ దీవిలో విడివిడిగా ఉన్న మూడు పెద్ద దూరాలని తీసి ఒకే దండలో గుచ్చారు. 1978 ఫిబ్రవరి 18న 15 మంది బయలుదేరితే 12 మంది చివరిదాకా వెళ్ళారు. అందరూ మొగవాళ్ళే. గెలిచిన గార్డన్ హాలర్‌కి 11 గంటల 46 నిమిషాలు పట్టింది. రెండోవాడైన జాన్ డన్‌బార్‌కి దారిలో నీళ్ళు అయిపోతే, వెంట వచ్చిన వాళ్ళు బీరు పట్టించారట! మరుసటి ఏడు, 1979లో, లిన్ లెమేర్ అనే ఆవిడ బరిలోకి దిగింది. ఆడవాళ్ళలో ఆవిడ ఒక్కతే. మొత్తం అందరిలోనూ అయిదోదిగా వచ్చి కూర్చుంది.

ఈ పోటీకంటూ రాసిపెట్టిన ప్లాను ఆనాడు ఎవరి దగ్గరా లేదు. ఉండడానికి అలాంటి పోటీయే అంతకుముందు లేదుగా! ఇప్పుడు అలా కాదు. 12 వారాల ప్లాను, 16 వారాల ప్లాను, 20, 24, 30. పుస్తకాల్లో ఉన్నాయి, ఫోన్లలో ఉన్నాయి, డబ్బిస్తే మనిషి మనిషికీ విడిగా రాసిచ్చే కోచ్‌లు ఉన్నారు. డాన్ ఫింక్ అనే కోచ్ పుస్తకంలో 30 వారాలకి మూడు ప్లాన్లున్నాయి: పోటీపడేవాళ్ళకి ఒకటి, మధ్యరకం వాళ్ళకి ఒకటి, పూర్తిచేస్తే చాలు అనుకునేవాళ్ళకి ఒకటి. ఈ మూడో పేరు నాకు భలే నచ్చింది. మన పిల్లల చదువులకి కూడా ఇలాంటి మూడో రకం ఒకటి ఉంటే ఎంత బాగుండును!

ఇదంతా నాకెందుకు తెలిసిందంటే మా అక్కకూతురి మూలంగా. హైదరాబాదులో ఉద్యోగం. పదకొండేళ్ళ పిల్ల, ఏడేళ్ళ పిల్లాడు, ఇంట్లో అత్తగారు. 2019లో మొదలైన గోవా పోటీ ఒకటుందిలెండి, ఇందులో సగం దూరం, 1.9 ఈత, 90 సైకిలు, 21.1 పరుగు. అది ఒకసారి పూర్తిచేసి వచ్చింది. ఇప్పుడు పెద్దది చేస్తానంటోంది. మొన్న మా ఇంటికొచ్చి, కొట్లో చీరలు పరిచినట్టు మూడు ప్లాన్లు నా ముందు పరిచింది. "పిన్నీ, ఏది తీసుకోను?" అంది.

చీరయితే చెప్పగలను. ఒకటి వారానికి 16 గంటలదాకా ఎక్కేది. ఇంకొకటి 12 దగ్గర ఆగేది. మూడోది 10 దాటనిది. ఎక్కువ గంటలది తీసుకుంటే తక్కువ టైములో గమ్యం చేరవచ్చు, తక్కువది తీసుకుంటే అర్ధరాత్రి గంట కొట్టే ముందు ఎలాగో గట్టెక్కవచ్చు. అంతే కదా, ఇందులో ఆలోచించడానికేముంది అనుకున్నాను గానీ, ఆ కాగితాలు చదివినకొద్దీ ఇది వ్యాయామం సంగతి కాదని, మనం రోజూ చూస్తూ చూడనట్టు వదిలేసే సంగతేదో ఇందులో ఉందని అనిపించింది.

ముందు ఒక చిన్న చిక్కు చెబుతాను. ప్లాను ఎంచుకునేది ఎప్పుడు? ఆదివారం మధ్యాహ్నం, కడుపునిండా అన్నం తిని, ఫాను కింద కూచుని. దాన్ని అమలు చెయ్యాల్సింది ఎప్పుడు? పద్ధెనిమిదో వారంలో, బుధవారం తెల్లవారుఝామున నాలుగింటికి, పక్కన పిల్లాడు జ్వరంతో మూలుగుతున్నప్పుడు. మాట ఇచ్చిన మనిషి వేరు, చెల్లించే మనిషి వేరు. ఆ నాలుగింటి మనిషిని ఎవరూ సంప్రదించలేదు. పెళ్ళిచూపులకి పిల్లని తీసుకురాకుండానే సంబంధం ఖాయం చేసినట్టుంది వ్యవహారం! అందుకనే కాబోలు, అనుభవం ఉన్న కోచ్‌లు "నీకు బాగా కుదిరిన వారాన్ని చూసి కాదు, కుదరని వారాన్ని చూసి ప్లాను ఎంచుకో" అనే ధోరణిలో మాట్లాడతారు. నాకది చాలా గౌరవమైన మాటగా తోచింది. రేపటి మనిషిని కూడా ఇంటి మనిషిలాగానే చూడమంటున్నారన్నమాట.

ఇంకో విషయం. ఈ ప్లాన్లన్నీ కష్టపడమని చెబుతాయనుకుంటాం. విచిత్రమేమిటంటే, మంచివి చాలామటుకు నెమ్మదిగా ఉండమనే చెబుతాయి. ఇంచుమించు మూడు వారాలు పెంచుకుంటూ పోయి, నాలుగో వారం తగ్గించమంటాయి. పోటీకి ముందు రెండు మూడు వారాలు బాగా తగ్గించెయ్యమంటాయి. ఎందుకంటే ఒళ్ళు గట్టిపడేది పరిగెత్తేటప్పుడు కాదట, పరిగెత్తి వచ్చి పడుకున్నప్పుడట. మనకిది కొత్తేం కాదు. పిండి రుబ్బేటప్పుడు పొంగుతుందా? రుబ్బి, మూతపెట్టి, దానిమానాన దాన్ని వదిలేస్తే పొంగుతుంది. గంటకోసారి మూత తీసి చూసేవాళ్ళింట్లో ఇడ్లీలు ఎలా ఉంటాయో నేను చెప్పనక్కర్లేదు.

మార్క్ ఆలెన్ అని ఒకాయన ఉన్నాడు. హవాయి పోటీలో ఆరుసార్లు ప్రయత్నించి ఓడిపోయాడు. ఎదుటివాడు డేవ్ స్కాట్, అప్పటికే ఆరుసార్లు గెలిచినవాడు. అన్నట్టు ఈ డేవ్ స్కాట్, కాటేజ్ చీజ్‌లో కొవ్వు పోవాలని దాన్ని నీళ్ళతో కడిగి మరీ తినేవాడట. (మా అమ్మ వింటే "ఆ తిండికి అన్నం మానెయ్యడమే మేలు" అనేది.) ఫిల్ మాఫెటోన్ అనే ఆయన ఆలెన్‌కి ఒక లెక్క చెప్పాడు. 180లోంచి నీ వయసు తీసెయ్యి, గుండె నిమిషానికి అంతకంటే ఎక్కువసార్లు కొట్టుకోకుండా పరిగెత్తు అని. అంటే, అంతటి పరుగుల వీరుడూ మామూలు వాళ్ళలాగా జాగింగ్ చెయ్యాలి, దారినపోయే వాళ్ళు దాటిపోతుంటే చూస్తూ ఊరుకోవాలి. ఏళ్ళతరబడి ఊరుకున్నాడు. 1989లో ఇద్దరూ రోజంతా పక్కపక్కనే వెళ్ళి, చివరికి ఆలెన్ 58 సెకన్ల తేడాతో గెలిచాడు. ఆ తరవాత మరో అయిదుసార్లు గెలిచాడు. బలం కంటే, చిన్నతనం అనిపించినా ఓర్చుకోవడమే ఆయనకి ఎక్కువ కష్టమయ్యుంటుందని నా అనుమానం.

సరే, నెమ్మదితనం మనకి ఉగ్గుపాలతో పెట్టారు. ఓర్పు గురించి ఆడవాళ్ళకి ఒకరు చెప్పాలా? మనకి లేనిది గంటలు. అసలు సంగతి ఇక్కడుంది.

ఆ ప్లాను కాగితంలో గడులుంటాయి. సోమవారం ఈత గంట, మంగళవారం పరుగు గంటన్నర, శనివారం సైకిలు అయిదు గంటలు, వెంటనే అరగంట పరుగు. సైకిలు దిగగానే చేసే ఆ పరుగుకి వాళ్ళ భాషలో ఇటుక అని పేరు. దిగగానే కాళ్ళు నిజంగానే ఇటుకల్లా ఉంటాయట. ఇన్ని గడులున్నాయి గానీ, ఒక్క గడి లేదు. ఈ గంటలు ఎవరి దగ్గర్నుంచి వస్తున్నాయి అనే గడి. గంటలు ఆకాశంలోంచి ఊడిపడవు కదా! శనివారం పొద్దున్న అయిదింటి నుంచి పదిన్నర దాకా ఒక మనిషి ఇంట్లో లేకపోతే, ఆ అయిదున్నర గంటల పని ఇంకెవరో చేస్తున్నారన్నమాట. లేదా చెయ్యకుండా మిగిలిపోతోందన్నమాట.

మొగవాడు ఈ ప్లాను తెచ్చి గోడకి అంటిస్తే ఏమవుతుందో మనకి తెలుసు. ఇల్లు సర్దుకుంటుంది. "ఆయనకి ప్రాక్టీసు ఉంది, చప్పుడు చెయ్యకండ్రా" అని పిల్లలకి చెబుతాం. అరటిపళ్ళు తెప్పిస్తాం. చెమట బట్టలు విడిగా నానబెడతాం. పైగా పక్కింటి వాళ్ళకి గర్వంగా చెప్పుకుంటాం. అదే ఆడది అంటిస్తే మొదటి ప్రశ్న "మరి పిల్లలో?" అని.

ఊరికే అక్కసుకొద్దీ అంటున్నానని అనుకోవద్దు. మన దేశంలో ఎవరి కాలం ఎలా గడుస్తోందో ప్రభుత్వం వారు లెక్క తీశారు. 2024 నాటి ఆ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసేవాళ్ళలో, ఆడవాళ్ళు సగటున రోజుకి 289 నిమిషాలు చేస్తున్నారు, మొగవాళ్ళు 88 నిమిషాలు. తేడా 201 నిమిషాలు. వారానికి వేసి చూశాను. 23 గంటల పైచిలుకు! ఆ పెద్ద ప్లాను ఉంది చూశారూ, వారానికి 16 గంటలది, వీరాధివీరులది, అది ఈ తేడాలో ఇమిడిపోయి, ఇంకా ఏడు గంటలు మిగులుతాయి. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎప్పట్నుంచో ఐరన్‌మాన్‌కి తయారవుతూనే ఉన్నారు, పోటీయే ఎవరూ పెట్టలేదు.

ఐరన్ అంటే గుర్తొచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. దానికి ముఖ్యమైన కారణాల్లో ఇనుము చాలకపోవడం ఒకటి. ప్లాను ఏదయినా సరే, మొదలుపెట్టే ముందు హీమోగ్లోబిన్ చూపించుకోమని మా పిల్లతో గట్టిగా చెప్పాను. ఆ పుస్తకాలు రాసినవాళ్ళకి ఈ సంగతి అంతగా తట్టదేమో.

అసలు ప్రశ్న అడిగింది మా అక్కకూతురు కాదు, వాళ్ళ అత్తగారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. "అమ్మాయీ, ఇదంతా ఎవరి కోసం?" అంది. అంతే. నేను అక్కడే ఉన్నాను. ఆ పిల్ల నోటమాట రాలేదు. ఆరోగ్యం కోసం అనవచ్చు, కానీ ఆరోగ్యానికి రోజూ గంట నడక చాలు, 180 కిలోమీటర్ల సైకిలు అక్కర్లేదు. పిల్లలకి ఆదర్శంగా ఉండడం కోసం అనవచ్చు, అదీ నిజం కాదు.

నాకు ఆవిడ పట్టిన నోములు గుర్తొచ్చాయి. లక్షవత్తుల నోము పట్టిందావిడ. లక్ష వత్తులు! ప్రతి మధ్యాహ్నం పత్తి ముందేసుకుని కూచునేది. కార్తీకంలో తెల్లవారుఝామున చన్నీళ్ళ స్నానాలు, ఉపవాసాలు, నియమం తప్పితే మళ్ళీ మొదటికి రావడం, చివర ఉద్యాపన. ఇది ప్లాను కాక ఏమిటి? అప్పుడు ఇల్లంతా సర్దుకుంది. ఆ రోజుల్లో వంట ఆలస్యమైనా ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఎవరి కోసం అని ఎవరూ అడగలేదు. ఎందుకంటే జవాబు అందరికీ తెలుసు: భర్త కోసం, పిల్లల కోసం, సౌభాగ్యం కోసం. ఆ నోములో ఆవిడకంటూ ఉన్న ఆనందం ఎంతో, ఆ మధ్యాహ్నాలు ఆవిడకి ఎంత హాయి ఇచ్చాయో, ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు, ఆవిడా అనలేదు.

అదీ తేడా. ఆడది గంటలు అడగచ్చు, తనకోసం అనకుండా ఉంటే. గుడికి అంటే దొరుకుతాయి, పిల్లల ట్యూషనుకి అంటే దొరుకుతాయి, ఆస్పత్రిలో ఎవరికో తోడంటే అర్ధరాత్రయినా దొరుకుతాయి. "నాకు చెయ్యాలనుంది, అంతే" అంటే ఆ మాటకి మన ఇళ్ళల్లో గుమ్మం లేదు. అలా అనడం స్వార్థమా? నేను చాలాసేపు ఆలోచించాను. ఒకరి ఇష్టం మరొకరి వెన్ను మీద నడిచిపోతే అది స్వార్థమే, ఆ ఇష్టం భర్తదైనా భార్యదైనా. కానీ ఇష్టం ఉండటమే స్వార్థం అనడం వేరు. మనవాళ్ళు ఈ రెండింటినీ కలిపేసి, రెండోదాన్ని ఆడవాళ్ళకి మాత్రమే అంటగట్టారు.

కాబట్టి పిల్లకి నేను పెద్ద ప్లాను తీసుకోమని చెప్పాలి కదా? అదే చెప్పబోయాను. నోరు తెరిచేలోగా తనే అంది, "గంటల సంగతి నేను చూసుకున్నాలే పిన్నీ. వంటమనిషిని శనాదివారాలు పొద్దున్న అయిదింటికే రమ్మంటాను. వెయ్యి ఎక్కువిస్తాను" అని.

చూశారా! గంటలు భర్త దగ్గర్నుంచి రాలేదు, అత్తగారి దగ్గర్నుంచీ రాలేదు. మెట్లు దిగి ఇంకో ఆడమనిషి దగ్గరికి వెళ్ళాయి. ఆవిడకీ ఇద్దరు పిల్లలున్నారు. ఆవిడ అయిదింటికి ఇక్కడ ఉండాలంటే మూడున్నరకి లేవాలి. 201 నిమిషాల లెక్క ఆవిడ ఇంట్లోనూ ఉంటుంది, ఇంకా ఎక్కువే ఉంటుందేమో. మనం మధ్యతరగతి వాళ్ళం, మనకి దొరికిన విముక్తిలో సగం ఇలా ఇంకొకరి నిద్రలోంచి కత్తిరించుకున్నదే. డబ్బిస్తున్నాం కదా అంటారు. నిజమే, ఊరికే చేయించుకోవడం కంటే వెయ్యిరెట్లు నయం. కానీ కాదనగలిగే మనిషికి ఇచ్చే డబ్బు వేరు, కాదనలేని మనిషికి ఇచ్చే డబ్బు వేరు.

"ఆవిణ్ణి అడిగావా?" అన్నాను.

"చెబుతాను."

"చెప్పడం కాదే, అడగడం. వీలుపడదంటే పని పోదని కూడా చెప్పి, అప్పుడు అడుగు."

మొహం చిన్నబుచ్చుకుంది గానీ, అడిగింది. ఆ వంటావిడ రెండు రోజులు గడువు తీసుకుందట. శనివారం వస్తాను, ఆదివారం మాత్రం రాను, ఆ రోజు నాకు పూర్తిగా సెలవు కావాలి, ఇన్నాళ్ళూ ఎలా అడగాలా అనుకుంటున్నాను అందట. వెయ్యి కాదు, పదిహేను వందలు అందట. నాకు ఆవిడ మీద అమాంతం గౌరవం పెరిగిపోయింది.

దాంతో పెద్ద ప్లాను దానంతటదే పడిపోయింది. ఆదివారం పొద్దున్న ఇంట్లో వంటమనిషి లేనప్పుడు మూడు గంటల పరుగు కుదరదు, అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. మధ్యదే తీసుకుంది, 30 వారాలది, 12 గంటలు దాటనిది. తీసుకుని, దానికి తన చేత్తో ఒక గడి కలిపింది. ఎవరివి అని. శనివారం సైకిలుకి ఎదురుగా వంటావిడ పేరు, పక్కన పదిహేను వందలు. మంగళవారం సాయంత్రం ఈతకి ఎదురుగా అత్తగారి పేరు. ఆవిడ ఆ గంటన్నరా పిల్లలకి పద్యాలు చెబుతానంది, ఎవరి కోసమో అని మాత్రం మళ్ళీ అడగలేదు. నాలుగో వారం, ఆ తగ్గించే వారం ఉంది చూశారూ, అందులో శనివారం భర్తది. ఆయన ఎక్కడికైనా వెళ్ళచ్చు, ఏమైనా చేసుకోవచ్చు. ఏం చెయ్యాలో ఆయనకి ఇంకా తెలియలేదట.

ఆదివారం పెద్ద పరుగు గురువారానికి మారింది. తెల్లవారుఝామున నాలుగింటి నుంచి ఆరున్నర దాకా. ఆ పూట పిల్లల్ని లేపి, టిఫిను పెట్టి, బస్సెక్కించే బాధ్యత మా అల్లుడిది. ఒప్పుకున్నాడు, సంతకం కూడా పెట్టాడు. అయితే అతనికి వచ్చింది ఉప్మా ఒక్కటే. పిల్లాడికి ఉప్మా పడదు. దాని మీద ఇంకా మాటలు నడుస్తున్నాయి.